మేనత్త పోలికే అనుకున్నాం

మా మేఘనకు ఆపరేషన్ అయిందని తెలిసినప్పటి నుంచి మా వాడలో ఎవరి పిల్ల నోరు తెరుచుకుని పడుకున్నా నా దగ్గరికే పట్టుకొస్తున్నారు. నేనేమో జాకెట్లు కుట్టుకునేదాన్ని. వచ్చినవాళ్లకల్లా మొదటి నుంచి చెప్పేసరికి పొద్దు గూకుతోంది, కుట్టాల్సిన జాకెట్లు అలాగే ఉండిపోతున్నాయి. ఒకసారి రాసి పెడితే పీడా పోతుందని కూర్చున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అంతా అయిపోయిందని అందరూ అంటున్నా నా గుండె మాత్రం నమ్మడం లేదు. రాస్తేనైనా నమ్ముతుందేమో చూద్దామని.

ముందే చెప్తున్నాను, పాప బాగానే ఉంది. పళ్ల పని ఇంకా మిగిలింది, అది కొన్నేళ్లు సాగుతుందట, సాగనీ. చదివేవాళ్లు భయపడక్కర్లేదు. మీ వంతు కూడా నేనే భయపడ్డాను.

ఎండాకాలం సెలవులు, కోరుట్ల

మాది సిరిసిల్ల. మా మామ ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. మోకాళ్లు సహకరించకపోయేసరికి ఊరు విడిచి సిరిసిల్ల వచ్చి సాంచల షెడ్డులో చేరాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఇప్పుడు మామ లేడు, మా ఆయన రమేశ్ ఆ షెడ్డులోనే నాలుగు సాంచలు నడుపుతాడు. షెడ్డుకూ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. పగలూ రాత్రీ టకటకమంటూనే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడుకు తల పగిలిపోయేది. ఏడాది తిరిగేసరికి చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేదాకా వచ్చింది. మా ఇంట్లో మెల్లగా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఉప్పు అందియ్యమన్నా కొట్లాటకు పోయినట్టే ఉంటుంది.

ఆ చప్పుడులోనే పుట్టి ఆరేళ్లు పెరిగింది మా మేఘన. సెలవులకు దాన్ని తీసుకుని కోరుట్లలో మా అమ్మగారింటికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం అన్నాలు తిని అందరం చాపలు పరుచుకుని పడుకున్నాం. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. అప్పుడు వినపడింది, పెద్దగా గురక. మా నాన్న అనుకున్నాను. తల తిప్పి చూస్తే మా నాన్న అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో ముచ్చట పెడుతున్నాడు.

మా అమ్మ లేచి కూర్చుంది. "స్వప్నా, గీ పొల్ల ఏందే గిట్ల గుర్రు వెడ్తున్నది? ముసలోళ్ల లెక్క!"

"సర్ది అయిందేమోనే అమ్మా."

"సర్ది గాదు. జర ఇటచ్చి సూడు."

దగ్గరికి జరిగి చూశాను. మేఘన వెల్లకిలా పడుకుని మెడ వెనక్కి వంచింది. నోరు బార్లా తెరిచి ఉంది. గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. డొక్క లోపలికి పోతోంది, గొంతు కింద గుంట పడుతోంది, గాలి మాత్రం రావడం లేదు. మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నేను పిల్లను కుదపబోయేంతలో అది నీళ్లలోంచి తేలినట్టు ఒక్కసారి గాలి మింగి మళ్లీ గురక అందుకుంది. అంతసేపూ కళ్లు తెరవలేదు.

"ఇంటికాడ గూడ గిట్లనే పంటదా బిడ్డా?" అని అడిగింది మా అమ్మ.

ఏం చెప్పను? పుట్టినప్పటి నుంచి నా పక్కలోనే పడుకుంటోంది. అయినా నా బిడ్డ నిద్రలో ఎలా ఊపిరి తీస్తుందో నాకు తెలియదు. సాంచల పక్కన ఇంట్లోకి లారీ వచ్చినా వినపడదు, ఇక పిల్ల గురక ఎంత. ఆ సెలవులన్నీ నేను మధ్యాహ్నం నిద్రపోలేదు. దాని పక్కన కూర్చుని ఊపిరి ఆగినప్పుడల్లా నా ఊపిరీ బిగబట్టాను.

బడులు తెరిచాక, సిరిసిల్ల

ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ నవ్వింది. "గదేం రోగమే? మా లచ్చి గూడ గట్లనే పండేది. దాని మొకం సూడు, అచ్చు గుద్దినట్టు మేనత్త పోలికే."

లక్ష్మి మా ఆడబిడ్డ, మా ఆయనకు అక్క. ఎల్లంతకుంటలో ఉంటుంది. కోల ముఖం, పై పళ్లు కొంచెం ముందుకు, పెదాలు ఒకదానికొకటి అందవు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆడపిల్లకు మేనత్త పోలిక వస్తే అదృష్టమని మా అత్తమ్మ మేఘన పుట్టినప్పటి నుంచీ వాడంతా చెప్పుకుంది. ఆ మురిపెంలో మేమంతా పడ్డాం. పిల్ల ముఖం ఏడాదికేడాది సాగుతూ ఉంటే, కళ్ల కింద నల్లబడుతూ ఉంటే, మేనత్త దిగొస్తోందని సంబరపడ్డాం.

అప్పుడే బడి నుంచి పిలుపు వచ్చింది. మేఘన టీచరు నన్ను నిలబెట్టి, "పిలిస్తే పలుకదమ్మా. మొకం దిక్కు సూస్తది, జవాబియ్యది. మొండి పట్టు ఎక్కువ" అన్నది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పిలిస్తే గెంతుకుంటూ వస్తుంది, బడిలో ఎందుకు పలకదని వాదించి వచ్చాను. దారిలో గానీ తట్టలేదు, ఇంట్లో మేం పిలవం, అరుస్తాం. ఆ సాయంత్రం దాన్ని వీధి చివరకు తీసుకెళ్లి, వెనక నిలబడి మామూలుగా "మేఘనా" అన్నాను. అది గోడ మీది పిల్లిని చూస్తూనే ఉంది. ఇంకోసారి అన్నాను. పిల్లి తిరిగి నన్ను చూసింది, నా బిడ్డ చూడలేదు.

గురకకు దవాఖానకు పోతానంటే మా ఇంట్లో నవ్వుతారు. చెవులంటే ఏడుస్తారు. దేవుడు దారి చూపించినట్టు అప్పటికే దాని ముందు పాలపళ్లు ఊడి, కొత్తవి వంకరగా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పళ్లు చూపించుకొస్తానంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. జగిత్యాలలో మా అన్నకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పిల్లల పళ్లు బాగా చూసే డాక్టరమ్మ ఉందని వాడే చెప్పాడు. బస్సెక్కాం.

వానలు మొదలైనప్పుడు, జగిత్యాల

డాక్టరమ్మ చిన్న అద్దం లోపల పెట్టి చూసి, పళ్ల గురించి ఒక్క మాట కూడా అనలేదు. "పాప నోరు తెరిచి పంటదా?" అని అడిగింది.

"పంటది."

"గురక?"

"ఉన్నది మేడం."

"పిలిస్తే ఇంటదా?"

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఎవరూ చెప్పకుండా ఈమెకెలా తెలిసింది?

ఆమె నన్ను దగ్గరికి పిలిచి మేఘన అంగిలి చూపించింది. వెడల్పుగా గుండ్రంగా ఉండాల్సిన పై పళ్ల వరుస రెండు పక్కలా నొక్కుకుపోయి ముందుకు కోసుగా తేలింది. అంగిలి గూడులా పైకి పోయింది. "నోరు మూసుకొని ఉంటే నాలుక అంగిటికి ఆని ఉంటదమ్మా. పిల్లలు పెరిగేటప్పుడు లోపలి నుంచి పళ్లను వెడల్పుగ పట్టి ఉంచేది గదే. పొద్దంత నోరు తెరిచే ఉంటే నాలుక కిందికి పడిపోతది, బుగ్గలేమో బయటి నుంచి నొక్కుతనే ఉంటయి. పై వరుస ఇరుకైతది. పళ్లకు జాగ లేకనే గిట్ల ఎక్కుతున్నయి."

"అయితే నోరు మూసుకొమ్మని గట్టిగ చెప్త మేడం."

"వద్దు, గదొక్కటి చెయ్యకుండ్రి. ముక్కు పని చేస్తలేదు కాబట్టే నోరు తెరుస్తున్నది. మీరు నోరు మూయిస్తే గాలి యాడికెల్లి తీస్కోవాలె? ముందుగాల ముక్కు సంగతి చూడాలె. పళ్లు తర్వాత." ఆ మాట మేమెంత ఖరీదుకు నేర్చుకున్నామో ముందు ముందు చెప్తాను.

ఆమె పంపితే అదే రోడ్డులో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే తీశారు. చెవులకు ఏదో పెట్టి పరీక్ష చేశారు. ముక్కు వెనకాల, గొంతుకు పైన అడినాయిడ్ అనే మాంసం పెరిగి గాలి దారి దాదాపు మూసేసిందట. దానివల్లే చెవి పొర వెనక నీరు పట్టిందట. డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడాడు. కొన్ని నెలలు ముక్కులో కొట్టే మందు వాడి చూద్దామన్నాడు. దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు. తగ్గకపోతే మత్తిచ్చి ఆపరేషన్ అన్నాడు. దుమ్ముకు దూరమంటే సిరిసిల్లలో ఎక్కడికి పోను? మా ఇంట్లో గాలికంటే నూలు దుమ్మే ఎక్కువ. ఆ మాట ఆయనతో అనలేదు, బస్సులో మాత్రం దారిపొడుగునా మనసులో అనుకుంటూనే ఉన్నాను.

వానలు ముదిరాక, సిరిసిల్ల

మా ఆయనకు ఎక్స్‌రే అర్థం కాలేదు గానీ, నాలుక సంగతి చెప్పగానే చటుక్కున అందుకున్నాడు. "సాంచ మీద బట్టను రెండంచులకెల్లి లాగి పట్టి ఉంచకపోతే లోపలికి ముడుసుకుంటది. గట్లనా?"

"గట్లనే అనుకో."

ఆ పోలిక ఆయన తలలోకి ఎక్కింది. అదే మా కొంప ముంచబోయింది. సాంచ నడిపేవాడికి ఒకటే న్యాయం. బట్ట ముడుచుకుంటే లాగి పట్టాలి, వదులైతే కట్టాలి, తెగితే ముడెయ్యాలి. ఆపరేషన్ మాట విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. సాంచల దగ్గర నిలబడి ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకాయన, నోరు కట్టేస్తే ముక్కు దానంతటదే తెరుచుకుంటుందని, దవడ చక్కగా పెరుగుతుందని, ఆపరేషన్లన్నీ మోసమని చెబుతున్నాడు. నాకు చూపించాడు. పళ్ల డాక్టరమ్మ చెప్పింది గుర్తు చేశాను. "సరే తియ్యి" అన్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ముందు గదిలో మిషను తొక్కుతున్నాను. మేఘన లోపలి గదిలో పడుకుంది. పక్కన వాళ్ల డాడీ ఉన్నాడు కదా అని ధీమా. సాంచలు నడుస్తున్నాయి. మా అత్తమ్మ పక్కింటి నుంచి వచ్చి లోపలికి పోయింది. మరుక్షణం అన్ని సాంచల మీదుగా ఆమె కేక వినపడింది.

పరుగెత్తాను. మా ఆయన మేఘన తల దగ్గర కూర్చుని ఉన్నాడు. పిల్ల గడ్డం కింది నుంచి నెత్తి మీదికి తెల్లబట్ట పట్టీ తీసుకుని ముడి వేశాడు. మూసిన నోట్లోంచి సన్నగా మూలుగు వస్తోంది. జుట్టంతా చెమటకు తడిసి ముద్దయింది. రెండు చేతులా ముడి పీక్కుంటోంది. "అలవాటైతది, జర ఓర్సుకో బిడ్డా" అంటూ ఆయన ఆ చేతులు మెల్లగా కిందికి పెడుతున్నాడు.

మా అత్తమ్మ ఆయన భుజం మీద ఒక్కటేసి పట్టీ లాగి పారేసింది. "బతికున్న పొల్లకు దవుడ గడుతవారా? పీనుగకు గట్టినట్టు గడుతవారా? నీ చేతులు పడిపోను!"

మా దగ్గర మనిషి పోగానే నోరు తెరుచుకుని బిగుసుకోకుండా తెల్లబట్టతో అలాగే కడతారు. మా మామ పోయినప్పుడు ఆ కట్టు కట్టింది మా ఆయనే. ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. తల్లి అన్నాక తట్టింది. నేల మీద పట్టీని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. మేఘన నా ఒళ్లో పడి నోటి నిండా గాలి మింగుతూ ఏడుస్తోంది. నేను ఆయన్ని తిట్టాలనుకున్నాను. నోట్లో మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఆ ముఖం చూశాక రాలేదు. ఆయన లేచి షెడ్డులోకి పోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు.

ఈ ముక్క రాయొద్దని మా ఆయనే అంటాడనుకున్నా. "రాయి, నా అసొంటోళ్లు ఇంకెందరో ఉంటరు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. ముక్కు మూసుకుపోయిన పిల్ల నోరు కట్టకండి, టేపు అంటించకండి. ముందు గాలి ఎక్కడ ఆగిందో చూపించండి.

బతుకమ్మ పండుగ, సిరిసిల్ల

ముక్కు మందు క్రమం తప్పకుండా వాడాం. అది పడుకునే గదిలో పోగు దుమ్ము లేకుండా తుడిచి తుడిచి నా చేతులు అరిగిపోయాయి. మళ్లీ జగిత్యాల పోతే డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. మాంసం తగ్గలేదు, చెవుల్లో నీరు అలాగే ఉంది. "ఇంక ఆలస్యం చేస్తే చదువు దెబ్బ తింటదమ్మా. మాటలు సరిగ ఇనపడకపోతే పిల్ల ఏం నేర్చుకుంటది? దవడ గూడ ఇదే రీతిన పెరుగుతది. ఆ మాంసం, చెవుల నీరు రెండు తీసేద్దాం" అన్నాడు.

మా అత్తమ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుంది. "కట్టుడు వద్దు, కోసుడు వద్దు. పొల్లను పొల్ల లెక్క ఉండనియ్యుండ్రి. మా తమ్ముడు గిట్లనే మత్తుసూది ఏసుకొని లోపలికి వొయ్యి మళ్ల లేవలే. తెల్లందాక దవాఖాన మెట్ల మీద కూసున్న నేను. మళ్ల కూసోను."

ఆమె భయం ఉత్తిది కాదు, నాకూ తెలుసు. నాకూ అదే భయం. కానీ భయం రెండు వైపులా ఉన్నప్పుడు ఏదో ఒక వైపు నడవాలి కదా. మా ఆయనేమో, "అవ్వ వద్దంటున్నది, నువ్వు గావాలంటున్నవు, నేనేం జెయ్యాలె?" అని నడిమిట్ల నిలబడ్డాడు. నేను మాట్లాడడం మానేశాను. మా ఇంట్లో అలగడం కూడా కష్టమే. ఆ చప్పుడులో నేను అలిగిన సంగతి ఆయనకు తెలిసేసరికే సగం కోపం పోయింది.

బతుకమ్మకు లక్ష్మి వదినె పుట్టింటికి వచ్చింది. పూలు తెంపి తెచ్చాం. తంగేడు, గునుగు, బంతి. వెదురు సిబ్బిలో వరసలు పేరుస్తూ మా అత్తమ్మ సంగతంతా బిడ్డకు చెప్పింది. "నీ పోలికొచ్చిన పొల్లను కోపిస్తదట నీ మరదలు. జర నువ్వన్న చెప్పు."

మేఘన అక్కడే చాప మీద నిద్రపోయింది, నోరు తెరుచుకుని. వదినె చేతిలో గునుగు పువ్వు పట్టుకుని పిల్లనే చూస్తూ కూర్చుంది. ఇక ఈమె కూడా అటే అనుకున్నాను.

"అవ్వా," అన్నది చివరికి. "నేను ఎన్నడన్న సక్కగ నిద్రవోయిన్నా?"

"గదేం మాటనే?"

"పొద్దుగాల లేస్తె నోరు ఎండిపొయ్యి నాలుక పిడచ కట్టుకపోయేది. తల బరువు. బడిల కూసుంటె కండ్లు మూతలు వడేటివి, పంతులు కొట్టేటోడు. అందరు గట్లనే పంటరు, గట్లనే లేస్తరు అనుకున్న. నిద్రంటే గదే అనుకున్న." కొంగు అడ్డం పెట్టుకోకుండానే మాట్లాడుతోంది. "పెండ్లిసూపులకు అచ్చినోళ్ల ముంగట నోరు మూసుకొని కూసోమని చెప్పినవు. మూసుకుంటె ఊపిరాడకపోయేది. వాళ్లు లేసిపోయేదాంక సచ్చి బతికేదాన్ని."

మా అత్తమ్మ చేతిలో బంతిపువ్వు అలాగే ఉండిపోయింది.

"నా పోలిక నా పోలిక అని మురుస్తున్నరు. నా పోలిక దానికి రానియ్యకు అవ్వా. నాకెందుకట్లయిందో నాకు తెల్వది. దీనికెందుకో డాక్టరు చెప్పిండు గదా. చేపియ్యుండ్రి. నేనస్త తోడు."

బతుకమ్మ పేర్చడం పూర్తి చేశాం. సాయంత్రం ఆటకు పోయేముందు మా అత్తమ్మ నా దగ్గరికి వచ్చి, "ఎన్నడు పోవాలె?" అని మాత్రం అడిగింది. అప్పుడు ఏడ్చాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి వేసింది.

దసరా దాటాక, జగిత్యాల

పొద్దున్నుంచి పిల్లకు నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు. "మమ్మీ, ఒక్క బిస్కెటు" అని అది, "ఆపరేషన్ అయినంక ఐస్‌క్రీం" అని వాళ్ల డాడీ. లోపలికి తీసుకుపోయేటప్పుడు అది నర్సు చెయ్యి పట్టుకుని నడిచింది. ఒక్కసారి వెనక్కి చూసింది. ఏడుస్తుందేమోనని నేను పళ్లు బిగించుకుని నవ్వాను. అది నవ్వలేదు. తలుపు మూసుకుంది.

ఎక్కువసేపు పట్టదని చెప్పారు. ఆ 'ఎక్కువసేపు' అందరికీ ఒకటి కాదని అప్పుడే తెలిసింది. మా ఆయన వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. లక్ష్మి వదినె తల్లిని పట్టుకుని కూర్చుంది. మా అత్తమ్మను లోపల బల్ల మీద కూర్చోమన్నారు. ఆమె వినలేదు, పోయి మెట్ల మీదే కూర్చుంది.

నా పక్కన ధర్మపురి నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. మామగారిని చెవి చూపించడానికి తెచ్చిందట. కాసేపు నన్ను చూసి చూసి భుజం తట్టింది. "బిడ్డా, నువ్వు గాలి తీస్కుంటలేవు. మొకం నల్లవడ్డది. జర ఊపిరి పీల్సు."

నిజమే. తలుపు మూసినప్పటి నుంచి బిగబట్టే ఉన్నాను. ఆమె తన ఫ్యాను కింది చోటు నాకిచ్చి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది. చేతిలో కప్పు పెట్టి, తాగేదాకా ముచ్చట ఆపలేదు. ఏం చెప్పిందో ఒక్క ముక్కా గుర్తు లేదు. ఆ గొంతు మాత్రం పట్టుకుని కూర్చున్నాను. ఆమె పేరు కూడా అడగలేదు. మళ్లీ కనపడితే చేతులు పట్టుకోవాలని ఉంది.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికొచ్చి, "మేఘన తాలూకు ఎవరు?" అని గట్టిగా అరిచింది. అందరం ఒకేసారి లేచాం. మెట్ల మీద మా అత్తమ్మ లేవబోయి లేవలేక గోడ పట్టుకుంది. "నేనే, తల్లిని" అన్నాను.

"దుప్పటి తెచ్చిండ్రా? పాపకు సలి వెడ్తున్నది."

సంచిలో దుప్పటి పైనే ఉంది. ఎంత వెతికినా నాకు దొరకలేదు. వదినె వచ్చి తీసి ఇచ్చింది. చలి పెడుతోందంటే బతికే ఉంది కదా అని మా అత్తమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.

వాపు దిగేదాకా, జగిత్యాల

మళ్లీ చూపించుకునే రోజు దాకా దుమ్ము తగలకుండా మా అన్న ఇంట్లోనే ఉండమన్నారు. మా ఆయన సాంచల కోసం సిరిసిల్ల వెళ్లిపోయాడు, వదినె తన ఇంటికి పోయింది. అత్తమ్మ పోనంది. మొదటి రోజు ముక్కులోంచి కొంచెం రక్తం వచ్చింది. ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. కానీ చెప్పినా తట్టుకోలేకపోయింది ఇంకొకటి. పిల్ల పడుకోగానే మళ్లీ అదే గురక, అదే తెరిచిన నోరు.

"గింత కోసినా పోలేదా?" అన్నది అత్తమ్మ. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. డాక్టరుకు ఫోను చేస్తే, లోపల వాపు ఉంటుంది, తగ్గడానికి కొన్ని రోజులు పడుతుందన్నాడు. నోరు తెరిచే అలవాటు పోవడానికి ఇంకా సమయం పడుతుందన్నాడు. నమ్మాలి కదా, నమ్మాను. కానీ ఇద్దరం చెరో పక్కా పడుకుని ఆ గురకే వింటూ ఉండేవాళ్లం. ఆపరేషన్ చేయించడం తప్పయితే, ఇంతమందిని ఒప్పించి తెచ్చింది నేను. ఆ బరువు నా ఒక్కదాని మీదే ఉన్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం దానికి పెరుగన్నం తినిపించి పడుకోబెట్టాను. అత్తమ్మ గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను మా అన్న పిల్లల బట్టలకు గుండీలు కుడుతున్నాను. కాసేపయ్యాక ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. వీధిలో ఆటో పోయింది. గోడ గడియారం వినపడుతోంది. అత్తమ్మ తుంచడం ఆపి నా వైపు చూసింది. నేనూ ఆమె వైపు చూశాను.

గురక లేదు. దగ్గు లేదు. ఏ చప్పుడూ లేదు.

సూదీ దారం పారేసి పరుగెత్తాను. మోకాళ్లు నొప్పని మూడు పూటలా మూలిగే మనిషి, నాకంటే ముందు మంచం దగ్గరికి చేరింది. మేఘన కదలకుండా పడుకుని ఉంది. పెదాలు మూసి ఉన్నాయి. ఆ ముఖం మేమెప్పుడూ చూడలేదు. అత్తమ్మ దాని ముక్కు కింద వేలు పెట్టబోయింది, నాకు అంతదాకా ఓపిక లేదు. రెండు భుజాలూ పట్టుకుని కుదిపాను. "మేఘనా! మేఘనా, లే బిడ్డా!"

అది కళ్లు తెరిచింది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కోపం ముంచుకొచ్చి నా చెయ్యి విసిరికొట్టింది.

"ఎందుకు లేపినవ్ మమ్మీ? మంచిగ నిద్రవట్టింది గదా!"

ఇంతకు ముందు దాన్ని ఎప్పుడు లేపినా ఆ మాట అనలేదు. అత్తమ్మ నన్ను అవతలికి నెట్టింది. "జరగవే పిచ్చిదానా. పండుకోనియ్యి నా మనుమరాలిని" అంటూ దుప్పటి కప్పింది. కప్పుతూనే ఏడుస్తోంది. మేఘన గోడ వైపు తిరిగి పెదాలు కలిపి మళ్లీ నిద్రలోకి జారుకుంది. మేమిద్దరం మంచం పక్కన నేల మీదే కూర్చుండిపోయాం, అది దానంతటదే లేచేదాకా.